రఘుపతి ఇంకా లోపలే ఉన్నాడు

రఘుపతి చనిపోయి ఏడాది కావస్తోంది. ఆ ఉదయం కూడా లాగిన్ అయ్యాడు.

"చచ్చినవాడి పేరుతో ఎవరో గని పెద్ద ఫ్యాన్ సెట్టింగులు చూసి వెళ్లారు," అన్నాడు చీఫ్ ఫోన్లో. "విదేశీ ముఠా. ఫస్టు షిఫ్టు ఇప్పటికే కిందికి దిగింది. ఫ్యాన్ ఆగితే గ్యాస్ పేరుకుంటుంది. నువ్వు సాఫ్ట్‌వేర్ ట్రైనర్ వేషంలో వెళ్లు. కోడ్ వర్డ్, గాలి."

"సరే," అన్నాడు ఏజెంట్ ఋషికేశ్. ఇదివరకు ఇలాంటి ఫోన్ వస్తే గుండె దడదడలాడేది. ఇప్పుడు పాల ప్యాకెట్ తెమ్మన్నట్టే ఉంది. జేబులో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ను పెట్టుకున్నాడు. అందులో కెమెరా ఉంది, రేడియో ఉంది, ఇంకు లేదు.

గోదావరిఖని చౌరస్తాలోని టీ హోటల్లో శ్రావణ్య ఎదురుచూస్తోంది. నల్ల కళ్లద్దాలు, గంధం రంగు పట్టుచీర. బొగ్గు దుమ్ము కూడా ఆమె మీద వాలడానికి మొహమాటపడుతోంది. గనికి వెబ్ అప్లికేషన్ రాసిచ్చిన కంపెనీలో ఇంజనీరు. ఇటు డిపార్ట్‌మెంటుకూ మనిషే, అటు ముఠాకూ మనిషే.

"గాలి ఎట్లున్నది?" అడిగాడు ఋషికేశ్.

"ఇప్పటిదాకైతే ఉన్నది," అంది. "రఘుపతి టోకెన్ ముఠాకు నేనే కాపీ చేసిచ్చిన. పాస్‌వర్డ్ కొట్టినంక సర్వర్ ఇచ్చే గుర్తు అది. మళ్ల నువ్వెవరని అడగది. ఎవరి చేతిల ఉంటే వాళ్లే రఘుపతి."

"ఎక్స్‌పైరీ?"

"పెట్టలె. గనిల దిగేటోళ్లకు లైట్లిచ్చే లాంపు రూముల బిళ్ల పద్ధతే కోడ్‌ల రాసినం. దిగేటోడు బిళ్ల తీసుకుంటడు, పైకొచ్చినంక ఇస్తడు. ఇయ్యకపోతే లోపలున్నట్టే. గాలి లెక్కలు చూడ దిగిన రఘుపతిని స్ట్రెచర్ మీద తెచ్చిన్రు. బయటికొచ్చిండని ఎవ్వరూ కొట్టలె."

షిఫ్టు అయిపోగానే టోకెన్ చచ్చిపోయేలా కొత్త కోడ్ హైదరాబాదులో రాస్తున్నారు. అది సర్వర్‌లోకి ఎక్కేసరికి సాయంత్రమవుతుంది. ముఠా అంతదాకా ఆగదు.

"రద్దు చేసే హక్కు ఎవరికుంది?"

"కంట్రోల్ రూముల డ్యూటీ ఆపరేటర్‌కే. అనసూర్య. రఘుపతి భార్య. ఆయన పోయినంక ఆమెకు నౌకరీ ఇచ్చిన్రు."

"ఇప్పుడెందుకు చెప్తున్నవ్?"

శ్రావణ్య కళ్లద్దాలు తీసింది. "ఇయ్యాల మా మేనమామ షిఫ్టుల ఉన్నడు."

ఋషికేశ్ కంట్రోల్ రూములోకి అడుగుపెట్టేసరికి స్క్రీన్ మీద ఎర్రటి అంకెలు తగ్గుతున్నాయి. ఫ్యాన్ స్టాప్ ఆర్డర్, రఘుపతి పేరు మీద. అనసూర్య మౌస్ పట్టుకుని మళ్లీ మళ్లీ నొక్కుతోంది.

"కాన్సిల్ కొడితే పోతలేదు సార్. ఆయన ఆర్డర్ ఆయనే తీయాలంటున్నది."

"టోకెన్ రద్దు చెయ్యక్కా. ఆర్డర్ దాంతోనే పోతది."

ఆమె రఘుపతి పేరు మీద నొక్కింది. పక్కన 'లోపల' అని పచ్చటి అక్షరాలు, కింద ఒకే ఒక్క బటన్. 'బయటికి వచ్చారు.'

"ఎప్పుడో కొట్టాలె నేను," అంది అనసూర్య. "డ్యూటీకొచ్చుడు, గీ పేరు చూసుడు. లోపల అని ఉంటది. రేపు కొడదాం, రేపు కొడదాం అనుకున్న. అబద్ధం కద సార్. ఆయన బయటికి రాలె."

ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలో ట్రైనింగులో నేర్పారు. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"ఉన్నోళ్లన్నా రావాలె కదక్కా," అన్నాడు.

అంకె ఒకటికి చేరింది. అనసూర్య నొక్కింది.

ఎర్ర రంగు పోయింది. బయట ఫ్యాన్ ఎప్పటిలాగే హోరుమంటోంది. స్క్రీన్ మీద 'రఘుపతి, బయటికి వచ్చారు' అని పడింది. అది చదివి అనసూర్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఋషికేశ్‌కు ఏడుపూ రాలేదు, సంతోషమూ రాలేదు. ఆమెను చూస్తే ఈర్ష్యగా మాత్రం అనిపించింది.

చీఫ్ నుంచి ఫోన్. రద్దయిన టోకెన్‌తోనే మళ్లీ మళ్లీ లాగిన్ కొడుతుంటే జాడ తెలిసి ముఠా దొరికిపోయిందట. "నీకెలా ఉంది?" అని అడిగాడు చీఫ్.

"ఏం లేదు సార్," అన్నాడు ఋషికేశ్. అది నిజమే.

గేటు దగ్గర సెక్యూరిటీ పోశం అడ్డం వచ్చాడు.

"బయటికి పోతున్నట్టు సంతకం పెట్టుండ్రి సార్. లేకుంటే ఎన్నేండ్లయినా లోపలున్నట్టే."

ఋషికేశ్ పెన్ను తీసి గట్టిగా నొక్కాడు. అది పోశం ఫొటో తీసింది. సంతకం మాత్రం పడలేదు.