పాత వత్తి

మిట్టమధ్యాహ్నం... పన్నెండు కావడానికి ఇంకా ఏడు నిమిషాలు!

ఆకాశాన్ని కారుమేఘాలు కబళించేశాయి. పట్టపగలే చీకటి... కళ్ళు పొడుచుకున్నా కానరాని కటిక చీకటి! దిక్కులు పిక్కటిల్లేలా ఉరుమొకటి దొర్లుకుంటూ పోయింది. ఆ భీకర ముహూర్తాన, వీధి చివరి రెండంతస్తుల ఇంట్లో, మేడగది కిటికీలకు పాత వార్తాపత్రికలు అంటించుకుని, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు మహామాంత్రికుడు!

ఆ బిరుదు అతనికి అతనే ఇచ్చుకున్నాడు. వీధిలో అతని పేరు అరచెంచా. సొంత టీలో పంచదార అరచెంచాకు మించి వేసుకోడు. ఎవరైనా పిలిచి టీ ఇస్తే మాత్రం సిగ్గు లేకుండా మూడు చెంచాలు వేయించుకుంటాడు. రికార్డు ఆఫీసులో గుమాస్తా. అక్కడ తగలెయ్యబోతున్న కాగితాల కట్టల్లో దొరికిందా క్షుద్రగ్రంథం. ఊరికే దొరికింది కాబట్టే దాన్ని అంతగా నమ్మాడు.

ఇలాంటి ఘోరకృత్యాలు నడిరేయి చెయ్యాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. నడిరేయి అయినా సరే, నడిపగలు అయినా సరే అంది గ్రంథం. రాత్రి జాగారం చేస్తే మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టాలి. అందుకని మహామాంత్రికులవారు ఆదివారం మధ్యాహ్నాన్ని ఖాయం చేసుకున్నారు.

అతని ముందు కపాలం... వికటంగా పళ్ళికిలిస్తున్న కపాలం! మీరేం హడలిపోకండి, అది ప్లాస్టర్‌ది. బడిలో సైన్సు గది ఖాళీ చేస్తుంటే అడుక్కుని తెచ్చుకున్నాడు. వెనకవైపు ఎర్ర ఇంకుతో వేసిన నంబరు ఇంకా పోలేదు. రక్షావలయం గీయడానికి శ్మశాన భస్మం కావాలంది గ్రంథం. వంటింటి పొయ్యిలో బూడిదతో సరిపెట్టాడు. గుడ్లగూబల ఘూకారావాలు వినిపించాల్సిన చోట, వెంటిలేటర్లో దూరిన పావురం ఒకటి గురగురమంటోంది.

కానీ... వలయం నడుమ నిలబెట్టిన ఆ ఇత్తడి లాంతరు మాత్రం అసలైనది! దాని పొట్టలో ఏముందో తెలిసుంటే, అరచెంచా ఆ గదిలోంచి చెప్పులు కూడా వేసుకోకుండా పారిపోయేవాడు.

కింది గదిలో అతని వదిన. నెలలు నిండి, అతను కోరుకున్నట్టే ఈ ఆదివారమే నొప్పులు మొదలై రెండు గంటలైంది. అన్నయ్య మిల్లులో పగటి షిఫ్టుకు వెళ్ళాడు. నర్సుని ఇంట్లో ఉంచుకుందామని అతను అంటే, "ఇంట్లో నేనున్నాను కదా అన్నయ్యా, ఆవిడెందుకు దండగ!" అని ఈ పెద్దమనిషే అడ్డం పడ్డాడు. ఇప్పుడు ఆ గది తలుపుకు బయట గొళ్ళెం పెట్టి మేడెక్కాడు.

ఎందుకో తెలుసా? అప్పుడే భూమ్మీద పడిన శిశువు తొలిశ్వాసను దీపజ్వాలలో బంధించి, దాన్ని తాను పీల్చినవాడికి మరో నూరేళ్ళు ఆయుర్దాయం! మరి ఆ బిడ్డో? ఏడవకుండానే చల్లబడిపోతుంది. సొంత అన్న బిడ్డ... తన చేతుల్లో పెరగాల్సిన బిడ్డ! ఆ వాక్యం చదివినప్పుడు అరచెంచా మనసు అరచెంచా కూడా కదల్లేదు. నూరేళ్ళూ ఊరికే వస్తున్నాయన్న చోట మాత్రం కళ్ళు చెమ్మగిల్లాయి. ఇలాంటివాణ్ణి మనిషి అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఆ లాంతరును అతను రెండు వారాల క్రితం పాత ఇనప సామాన్ల కొట్టులో ఏరాడు. మరణశయ్యల పక్కన వెలిగిన దీపం కావాలని గ్రంథం నియమం. చిలుమెక్కిన ఆ లాంతరును తిరగేసి చూస్తే అడుగున గీతలు... నాలుగు నిలువు, వాటిమీద ఒకటి అడ్డం... మళ్ళీ నాలుగు, ఒకటి... వందల గీతలు! అతని ఒళ్ళు పులకరించింది.

"ఇవేంటి? పోయినవాళ్ళ లెక్కా?" అని గుసగుసగా అడిగాడు కొట్టువాణ్ణి.

"మీరు పోయినవాళ్ళంటే పోయినవాళ్ళే సార్. ఎవరో ముసలావిడ సామాన్లతో పాటు వచ్చింది. తీసుకుంటారా, పక్కన పెట్టెయ్యనా?"

తీసుకున్నాడు. సగానికి బేరమాడి మరీ తీసుకున్నాడు.

వీధి మొదట్లో పాత స్టవ్వులూ లాంతర్లూ బాగుచేసే మేస్త్రి ఉన్నాడు. చొక్కా నిండా టంకం చుక్కలు పడి కాలిన చిల్లులు. ఆయన లాంతరును చెవి దగ్గర ఊపి, బర్నరు విప్పి, వాసన చూసి పెదవి విరిచాడు.

"మురిగిపోయిన కిరసనాయిలు సార్, పారబొయ్యాలి. బర్నర్ని చాకలిసోడా నీళ్ళలో ఉడకబెడతా, మసంతా ఊడొస్తుంది. ట్యాంకు అడుగున సూదిబెజ్జం ఉంది, మాటెయ్యాలి. గాజు పగిలింది. వత్తి మార్చాలి."

"ఉడకబెట్టు, తోము. అంతే."

"మరి మాటు?"

"నేను చూసుకుంటా."

"వత్తయినా మార్చండి సార్. పాత వత్తి అదివరకు తాగిందంతా దాచుకుంటుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు."

"జానెడు పొడుగుంది! ఇంకో పదేళ్ళొస్తుంది!"

గ్రంథం కూడా మేస్త్రి మాటే చెప్పింది, కాకపోతే గ్రాంథికంలో చెప్పింది. "గతస్మృతి లేశమాత్రమైనా మిగలకుండా శుద్ధిచేసిన దీపంలో, నూతన వర్తితో, ధూమరహిత జ్వాలను నిలపవలెను. అన్యథా సాధకుడు నశించును." అరచెంచా ఇంటికెళ్ళి పాత వత్తిని సబ్బునీళ్ళలో జాడించి, ఆరేసి, మాడిన అంచు కత్తిరించాడు. ఇంక అది కొత్తదే అని తీర్మానించుకున్నాడు. నశించును అన్న మాట దగ్గర అతనికి కొంచెం నిద్ర వచ్చింది.

లాంతరు తీసుకోవడానికి వెళ్ళిన రోజున మేస్త్రి దాన్ని వెంటనే చేతికివ్వలేదు. తోమితే అడుగు బంగారంలా మెరిసింది. ఆయన బొటనవేలు ఆ గీతల మీద ఆగిపోయి ఉంది.

"సార్, ఇది ఎవరిదో తెలుసా మీకు? ఈ గీతలు... నేను చిన్నప్పట్నించీ చూసినవి. ఆవిడ..."

"చాలు మేస్త్రీ! నాకు తెలీదా మీ వేషాలు? కథ చెప్పి కూలి పెంచుదామనా? అనుకున్నదానికి ఒక్క పైసా ఎక్కువివ్వను!"

అరచెంచా లాంతరు లాక్కుని ఇంటికొచ్చి, వాడేసిన స్నానం సబ్బు ముక్కను పిసికి బెజ్జంలో కూరాడు. వేరే లాంతరు గాజొకటి ఎక్కడో సంపాదించి, అది కుదురుగా కూర్చోకపోతే తీగతో కట్టాడు. తన తెలివికి తనే మురిసిపోయి ఆ పూట టీలో పంచదార మానేశాడు.

టంగ్... టంగ్... కింద గోడగడియారం పన్నెండు కొట్టింది!

వత్తి అంటుకుంది. మొదట పచ్చగా... తర్వాత నీలంగా... నిశ్చలంగా నిలిచింది జ్వాల! "హ్రీం... హ్రౌం... ప్రాణమాకర్షయ! ఫట్!" ముక్కుతో మంత్రం అందుకున్నాడు అరచెంచా.

కింద నుంచి ఆర్తనాదం!

"మరిదిగారూ! నర్సమ్మని పిలవండి! నా వల్ల కావడం లేదు... తలుపెందుకు వేశారు? మరిదిగారూ!"

అతను మంత్రం ఆపలేదు. ఒక్కొక్క బీజాక్షరానికీ జ్వాల ఒక్కొక్క అంగుళం లేస్తోంది. జ్వాల లేచిన కొద్దీ కింద ఆ తల్లి గొంతు సన్నబడుతోంది. గాలి అందక ఆమె గోళ్ళతో తలుపు గీరుతోంది... గీరుడు నెమ్మదించింది... ఆగిపోయింది! పావురం రెక్కలు టపటపలాడించి వెంటిలేటర్లోంచి ఎగిరిపోయింది. ఆ గదిలో ఉన్న రెండు ప్రాణుల్లో బుద్ధి ఉన్నది దానికొక్కదానికే.

సరిగ్గా అప్పుడే... టప్!

వేడికి సబ్బు కరిగింది. కిరసనాయిలు బొట్టు రాలింది... టప్... టప్... సన్నటి ధార అయింది! నేలమీద పాములా పాకి, పొయ్యి బూడిద గీతను చేరింది. బూడిదను మెత్తగా పక్కకు తోసి అవతలికి పోయింది. రక్షావలయం వేలెడు మేర తెగింది!

భళ్ళుమంది పిడుగు! జ్వాల ఒక్కసారిగా కుంగి, మామూలు పసుపు రంగుకు దిగింది. దిగి, ఇంకెవరో లోపలికొచ్చి కూర్చున్నట్టు నిదానించింది. కింది గదిలోంచి గొంతు వినిపించింది. వదిన గదే... గొంతు వదినది కాదు! ముసలి గొంతు, పొగచూరిన గొంతు, జీవితంలో ఎవరికీ జడవని గొంతు!

"ఎవడ్రా పైన దీపం అంత ఎత్తింది? గాజు పగుల్తుంది, దించు!"



మేస్త్రిని ఆవేళ మాట పూర్తి చెయ్యనిచ్చి ఉంటే అరచెంచాకు ఈపాటికి తెలిసి ఉండేది. ఆ లాంతరు ఒక మంత్రసానిది. నలభై ఏళ్ళు ఈ వీధుల్లో అది పట్టుకునే ఆవిడ పురుళ్ళు పోసింది. బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ మేకుతో లాంతరు అడుగున ఒక గీత గీసేది. మేస్త్రి కూడా అందులో ఒక గీతే. ఆఖరుసారి ఒక ఇంటికి పిలుపొస్తే కుండపోతలో బయల్దేరి, దారిలో కాలువలో పడి ప్రాణం విడిచింది. వెళ్ళాల్సిన ఇంటికి చేరనే లేదు. ఆ చేరని బాధంతా ఆ లాంతరులో, ఆ వత్తిలో ఇంకి ఉండిపోయింది. కొత్త వత్తి వేసి ఉంటే ఆమె పాత వత్తితో పాటే చెత్తబుట్టలోకి పోయేది.

"నేనెవరో తెలుసా?" కీచుగా అరిచాడు అరచెంచా. "మహామాంత్రికుణ్ణి! భస్మం చేసేస్తాను!"

"ఏ బూడిదతోరా? పొయ్యి బూడిదతోనా?" ముసలి గొంతు నవ్వింది. ఆ నవ్వుకు ప్లాస్టర్ కపాలం నిలువునా రెండు చెక్కలైంది! "దీపం పట్టుకుని దిగు!"

దిగనని అతని బుర్ర అంది. కాళ్ళు లేచాయి! చేతులు లాంతరు అందుకున్నాయి! మెట్ల మీద అతని పాదాలు అతని మాట వినకుండా దబదబా దిగాయి. గొళ్ళెం దానంతటదే జారింది. లోపల వదిన మంచానికి ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం ఆమెదే, కళ్ళు మాత్రం ఆమెవి కావు. వందల పురుళ్ళు చూసిన కళ్ళు... అవి అరచెంచాను ఎగాదిగా చూసి తిరస్కారంతో పక్కకు తిరిగాయి.

"వేణ్ణీళ్ళు పెట్టు. గిన్నె నిండా. అరగిన్నె పెట్టావో, చెయ్యి విరుస్తా."

పెట్టాడు!

"పెట్టెలో నీ కొత్త పంచెలున్నాయి కదా? చింపు."

"అవి... అవి ఇంకా కట్టుకోలేదు..."

"చింపు!"

చింపాడు! ఏడుస్తూ చింపాడు. ఆడకూతురు అంతసేపు అరిచినా తడవని కళ్ళు, రెండు పంచెలకు కారిపోయాయి.

"ఇప్పుడు దీపం ఎత్తి పట్టుకుని కదలకుండా నిలబడు. నీకు చేతనైన పని అదొక్కటే."

లోకాలను గడగడలాడిద్దామనుకున్న మహామాంత్రికుడు దీపపు స్తంభమై నిలబడ్డాడు. బయట వర్షం విరుచుకుపడింది. ముసలి గొంతు మెత్తబడి, "ఇంకొక్కసారి తల్లీ... అంతే... నేనొచ్చేశాను కదా..." అని బుజ్జగిస్తోంది. అదే నోటి నుంచి తల్లి కేక! ఒకే దేహంలో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఆ బిడ్డను లోకంలోకి లాగారు.

పుట్టింది... ఆడపిల్ల!

కానీ కదలదు. ఏడవదు. పెదాలు నీలం. తల్లి చేతులు బిడ్డ వీపు రుద్దాయి, పాదాలు తట్టాయి. ఊహూఁ... అరచెంచా మంత్రం అప్పటికే ఆ పసికందు తొలి ఊపిరిని సగం తాగేసింది!

ఆ కళ్ళు నెమ్మదిగా అతని వైపు తిరిగాయి.

"దీనికి ఊపిరి కావాలిరా." ఈసారి ఆ గొంతులో కోపం కూడా లేదు. "ఈ ఇంట్లో ఒకడి దగ్గర బోలెడుంది. ఎవరికోసమూ ఖర్చుపెట్టకుండా దాచుకున్నాడు."

"వద్దు... కొంచెం... కొంచెమే తీసుకో! సగం! సగం చాలు!"

చావు ముందు కూడా బేరమే!

జ్వాల అతని ముఖం మీదికి వంగింది. నోరు దానంతటదే తెరుచుకుంది. లోపలి గాలి మొత్తం సన్నటి తెల్లటి తాడులా బయటికి వచ్చింది... వస్తూనే ఉంది... అతని బుగ్గలు పీక్కుపోయాయి, ఛాతీ ముడుచుకుపోయింది, గుడ్లు తేలిపోయాయి! అరవడానికి కూడా ఊపిరి మిగల్లేదు. మిగల్చమని అడిగిన సగం కూడా ఆమె మిగల్చలేదు. లాంతరు మాత్రం చేతిలోంచి జారకుండా నేలమీద పదిలంగా కూర్చుంది. ఆ పక్కన అతను కూలబడ్డాడు.

క్యార్ర్‌... మంది బిడ్డ!

మిల్లులో భోజనాల గంట కొట్టగానే, వానలో తడిసి ముద్దయి అన్నయ్య పరుగున వచ్చేసరికి, గుమ్మంలో లాంతర్ల మేస్త్రి కూడా నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో కాగితం చుట్టిన కొత్త వత్తి ఉంది.

"మొన్నట్నించీ మనసు ఒప్పుకోలేదు బాబూ. ఆవిడ లాంతరులో ఆ కుళ్ళిపోయిన వత్తి ఏంటని... ఊరికే మార్చి పోదామని వచ్చా."

లోపల వదిన తన సొంత గొంతుతో భర్తను చూసి ఏడ్చింది. ఆమెకు ఏమీ గుర్తులేదు. ఎవరో పెద్దావిడ వచ్చి వీపు నిమిరిందని, ఆమె చేతులు కిరసనాయిలు వాసన వేశాయని మాత్రం చెప్పింది. మంచం పక్కన నోరు తెరుచుకుని పడి ఉన్న తమ్ముణ్ణి ఆ అన్న లేపబోయాడు. ఎండిన చొక్కా ఎత్తినట్టు తేలిగ్గా లేచాడతను. గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు రాశాడు.

లాంతరు నిశ్చలంగా వెలుగుతోంది. గాజు మీద మసి చుక్క లేదు. మేస్త్రి వంగి, రెండు చేతులా దాన్ని ఎత్తి, అడుగు చూశాడు. గీతల చివర, తన చేత్తో తోమిన చోట, కొత్తగా మెరుస్తూ ఒక గీత!

ఒక్కటే గీత. అరచెంచా కోసం ఆవిడ ఏమీ గియ్యలేదు.

మేస్త్రి కొత్త వత్తిని కాగితం విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు.