పదికి పది

ముసలాయన ప్రాణం మీదికి రావడానికి నీలికొంగ ముఠాకి తుపాకీ అక్కర్లేకపోయింది. చట్టమే వెళ్లి వాళ్లకి తలుపు తీసింది.

ఇంచియాన్ శివార్లలో పాత అపార్ట్‌మెంటు, ఏడో అంతస్తు. కంప్యూటర్లో ఏదో పాత కొరియన్ ట్రాట్ విరహగీతం ఏడుస్తూ ఏడుస్తూ సగంలో ఆగిపోయింది. తెర మీద తెల్లటి పేజీ వచ్చింది. 'పాటల అక్రమ డౌన్‌లోడ్. మూడు హెచ్చరికలు పూర్తయ్యాయి. మీ కనెక్షన్ నిలిపివేశాం. ఇట్లు, సేనారు టెలికం.' మరుక్షణం గుమ్మం మీది కెమెరా గుడ్డిదైంది. అలారం పెట్టెలో దీపం ఆరింది.

సీక్రెట్ ఏజెంట్ ప్యో గాంగ్‌సూ కుర్చీలోంచి లేచాడు. ఇది సాక్షుల్ని దాచే బ్యూరో సేఫ్ హౌస్. కెమెరా, అలారం అన్నీ ఒక్క ఇంటర్నెట్ తీగ మీదే నడుస్తున్నాయి. రెండో తీగ ఎందుకు దండగ అన్నాడు డైరెక్టర్ గుక్. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి.

"ఏం చేశారు తాతా?" అన్నాడు గాంగ్‌సూ, పిస్టల్ నడుములోంచి తీస్తూ.

మేంగ్ డోషిక్ హెడ్‌ఫోన్స్ మెడ మీదికి జార్చాడు. "నాలుగు పాటలు దించుకున్నా. అదీ నేరమేనా?"

"మూడుసార్లు హెచ్చరించారట కదా!"

"హెచ్చరించారు. నొక్కి అవతల పారేశా. బెదిరింపులకి బెదిరే మొహమేనా ఇది?"

కాదు. మకావ్‌లో ఇరవై ఏళ్లు నీలికొంగ ముఠాకి దొంగ సీడీల ఫ్యాక్టరీ నడిపిన మొహం అది. ఓడల కొద్దీ పాటలు దొంగిలించినన్నాళ్లూ ఈయన్ని అడిగిన నాథుడు లేడు. సొంతానికి నాలుగు ఏడుపు పాటలు దించుకునేసరికి చట్టం కళ్లు తెరిచింది. ముఠా బాస్‌ని కళ్లారా చూసినవాడు ఈయనొక్కడే. పట్టుబడ్డ ఐదుగురిలో బాస్ ఎవడో ఈ సాయంత్రం కోర్టులో వేలు పెట్టి చూపించాలి. చూపించకపోతే ఐదుగురినీ వదిలేయక తప్పదు.

గాంగ్‌సూ మొబైల్ తీశాడు. "సార్, లైను కోసేశారు."

"ఎవరు? నీలికొంగా?" అన్నాడు గుక్.

"సేనారు వాళ్లు. పాటల దొంగతనం కింద."

"అది మన ఇల్లని వాళ్లకి తెలీదా?"

"చెప్పొద్దన్నది మీరే. పచ్చళ్లమ్ముకునే ముసలమ్మ పేరు మీద కదా కనెక్షన్ తీసుకున్నాం. ఆ చట్టం తెచ్చేటప్పుడు ఎవర్నీ వదలొద్దని మంత్రిగారికి చెప్పిందీ మనమే."

"వదల్లేదు, వెధవలు. సరే. ముసలాణ్ణి గడప దాటించకు, దారిలో కాపు కాస్తుంటారు. మధ్యాహ్నం కాన్వాయ్ వస్తుంది. ఈలోపు పావురానికి ఫోన్ చెయ్యి."

పావురం అసలు పేరు సల్ ఉన్‌జో. సేనారులో కాపీరైట్ విభాగం హెడ్. బ్యూరోకి లోపలి మనిషి. ఆమె లిఫ్టులోంచి దిగితే ఆఫీసులో టైపింగ్ చప్పుడు ఆగిపోయేది. ఆ కంపెనీలో నీలికొంగ మనిషి ఒకడున్నాడని తెలిసి, వాణ్ణి పట్టుకోవడానికి గాంగ్‌సూ మూడు నెలలు టెక్నీషియన్ వేషం వేశాడు. మనిషి దొరకలేదు. ఉన్‌జో నవ్వు మాత్రం బాగా గుర్తుండిపోయింది.

"కోపగించుకోకండి ప్యో గారూ" అంది ఉన్‌జో ఫోన్లో. "మా పని తీగలు లాగడం. పోలీసు టోపీ మీ ప్రభుత్వం పెట్టింది. పెట్టాక లాఠీ తిప్పకుండా ఎలా ఉంటాం?"

"లాఠీ సంగతి తర్వాత. లైను ఎప్పుడొస్తుంది?"

"ఇలా కోసిన ఇంటికి మోడెమ్ మార్చాలి. కొత్త రూలు. మనిషిని పంపిస్తా."

"తక్‌ని పంపండి. ఇంకొకర్ని లోపలికి రానివ్వను."

"మీ గురువుగారినా? అలాగే. కోడ్?"

"ఎండుచేప ఎక్కడిదంటే, మంచులో ఎండింది అనాలి."

ఫోన్ పెట్టేశాక కాస్త ఊపిరాడింది. తక్ బోంగ్‌చుల్ అంటే అతనికి నమ్మకం. ఆ మూడు నెలలూ చేయి పట్టుకుని పని నేర్పినవాడు తక్. స్తంభం ఎక్కడం, తీగ ఒలవడం, ఇంటివాళ్ల తిట్లు నవ్వుతూ మింగడం. అన్నిటికంటే గట్టిగా నేర్పింది ఒకటుంది. పనయ్యాక గుమ్మంలో నడుం వంచి, రెండు చేతులూ కలిపి బతిమాలాలి. "సాయంత్రం కంపెనీ నుంచి ఫోనొస్తుందమ్మా. పదికి పది వెయ్యండమ్మా. తొమ్మిదేసినా నా జీతం కోస్తారు." మొదటి రోజు గాంగ్‌సూకి సిగ్గేసి నోరు పెగల్లేదు. "సిగ్గు జీతం ఉన్నవాళ్లకి తమ్ముడూ. మనకి మార్కులుంటే చాలు" అని నవ్వాడు తక్.

కాలింగ్ బెల్ మోగింది.

గాంగ్‌సూ పిస్టల్ వీపు వెనక దాచి తలుపు ఓరగా తీశాడు. సేనారు నీలం కోటు. చేతిలో టూల్ బాక్స్. మనిషి మాత్రం తక్ కాదు.

"తక్ ఏడీ?"

"మెట్ల మీద జారి నడుం పట్టేసింది సార్. వ్యాన్‌లో మూలుగుతున్నాడు. నన్నెళ్లమన్నాడు."

"ఎండుచేప ఎక్కడిదో?"

"మంచులో ఎండింది సార్."

పిస్టల్ కిందికి దిగింది. కుర్రాడు బూట్లు విప్పి గోడవారన సర్దాడు. సంచిలోంచి తెల్ల మేజోళ్లు తీసి తొడుక్కున్నాడు. పాత మోడెమ్ ఊడదీసి కొత్తది బిగించాడు. మేంగ్ తాత పక్కన నిలబడి ఒకటే గొణుగుడు.

"మా రోజుల్లో పాట కావాలంటే ఎత్తుకుపోయేవాళ్లం. ఇలా గోడకున్న పెట్టెని అడుక్కునేవాళ్లం కాదు."

"కాలం మారింది తాతగారూ" అన్నాడు కుర్రాడు మర్యాదగా. ఇచ్చిన పొడికాఫీ రెండు చేతులతో అందుకుని, పెద్దాయన ముందు మొహం పక్కకి తిప్పి తాగాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

"ఇంకాసేపట్లో పచ్చలైటు వెలుగుతుంది. హాయిగా పాటలు వినండి." వంగి నమస్కారం పెట్టాడు. బూట్లు తొడుక్కున్నాడు. వెళ్లిపోయాడు.

గాంగ్‌సూ తలుపు గడియ మీద చెయ్యేసి అలాగే నిలబడ్డాడు. దేనికోసమో ఎదురుచూస్తున్నాడు. దేనికోసమో తనకే తెలియలేదు. అప్పుడు తట్టింది. 'సరేలే బాబూ, పది వేస్తాలే' అన్న మాట తన నాలుక చివర సిద్ధంగా ఉంది.

అడిగినవాడు లేడు.

సేనారు టెక్నీషియన్ టూల్ బాక్స్ మర్చిపోతాడు. పెళ్లాం పుట్టినరోజు మర్చిపోతాడు. ఆ మాట మాత్రం చావబోతున్నా మర్చిపోడు.

"వచ్చింది! పచ్చలైటు!" లోపల్నుంచి ముసలాయన కేక. వేలు మౌస్ మీద ఉంది. క్లిక్‌మంది.

గాంగ్‌సూ గదిలోకి దూకాడు. ఒక్క గుంజుతో మోడెమ్ తీగలన్నీ ఊడబెరికాడు. పెట్టె అప్పటికే చెయ్యి కాలేంత వేడిగా ఉంది. చిల్లుల్లోంచి చూస్తే లోపల గాజు గొట్టం, గొట్టంలో పసుపు ద్రవం. గాజు మీద వెంట్రుకవాసి పగులు. పాట దిగడం మొదలవగానే పెట్టె వేడెక్కాలి, గాజు పగలాలి, గదంతా విషవాయువు నిండాలి. ఎక్కడ పెట్టాలో తోచక, వంటింట్లో కిమ్చీ ఫ్రిజ్ తెరిచి పచ్చడి డబ్బాల మధ్యన కుక్కి మూత వేశాడు.

మెట్లు మూడేసి దూకుతూ దిగాడు. కుర్రాడు పార్కింగ్‌లో వ్యాన్ పక్కన నిలబడి, తక్ హ్యాండ్‌సెట్‌లో 'పని పూర్తయింది' అని నొక్కుతున్నాడు. నొక్కిన వేలిని గాంగ్‌సూ వెనక్కి విరిచాడు. అరవకముందే నోరు మూసి లిఫ్టులోకి లాగాడు.

పైన వాణ్ణి కుర్చీకి కట్టేశాడు. ఫ్రిజ్‌లోంచి పెట్టె తీసి ఒళ్లో పెట్టాడు. ముసలాయన్ని బాల్కనీలోకి తోసి తలుపు బిగించాడు. తనూ గడప అవతల నిలబడి, మోడెమ్ తీగ ప్లగ్గు దగ్గర పట్టుకున్నాడు.

"పాట పెట్టనా తమ్ముడూ?"

"వద్దు! చెప్తా! పావురం... సల్ ఉన్‌జో!"

"ఈ ఇల్లు ఆవిడకెలా దొరికింది?"

"పాటలే పట్టించాయి. ముసలాడి పిచ్చి మా అందరికీ తెలుసు. దేశం మొత్తంలో ఆ పాతపాటలన్నీ వరసగా దించే ఇల్లు ఇదొక్కటే. ఎవరింట్లో ఏం వింటున్నారో చూసే కుర్చీ ఆవిడకి మీ చట్టమే ఇచ్చింది. చూసింది. లైను కోసింది."

"తక్?"

కుర్రాడు కిటికీలోంచి కింద పార్కింగ్ వైపు చూశాడు.

"తక్ ఏడిరా?"

"వ్యాన్‌లో... గొంతు బిగించా. కోటు మీద రక్తం పడొద్దన్నారు."

గాంగ్‌సూ ప్లగ్గుని సాకెట్ వైపు జరిపాడు. గోడకి జానెడు దూరం. తక్‌ని పేరు పెట్టి పిలిపించింది తనే. ఇంకెవర్ని పంపమన్నా ఈ పాటికి తక్ బతికి ఉండేవాడు. జానెడు దూరం. కుర్రాడు ఏడుస్తుంటే చాలాసేపు అలాగే ఏడవనిచ్చాడు. తర్వాత ప్లగ్గు కింద పడేశాడు. జాలితో కాదు, కోర్టుకి వాడూ కావాలి.

ఉన్‌జోని ఆమె కుర్చీలోనే పట్టుకున్నారు. పెదాలకి రంగు వేసుకుంటోందట. "వారెంట్ చూపించండి" అందట. "మీక్కూడా మూడు హెచ్చరికలు కావాలా?" అన్నాడట గుక్. ఆ జోకు ఆయనకి ఎంత నచ్చిందంటే, గాంగ్‌సూకి రెండుసార్లు చెప్పాడు.

సాయంత్రం మేంగ్ డోషిక్ కోర్టులో బాస్‌ని చూపించాడు. వేలు వణకలేదు. బయటికొచ్చి కారెక్కుతూ, "ఆ వైర్ల పనివాడు పోయాడటగా, పాపం" అన్నాడు. "ఇంతకీ లైను రేపైనా వస్తుందా?"

గాంగ్‌సూ కారు తలుపు వేశాడు. గుక్‌ని పక్కకి పిలిచాడు. "తక్ భార్యకి ఏం చెప్పాలి సార్?"

"చలికి వ్యాన్‌లో గుండె ఆగిందని చెప్పు. సేఫ్ హౌస్ గుట్టు బయటికి రాకూడదు."

"మెడ మీద గుర్తులున్నాయి సార్."

"మఫ్లర్ చుట్టమను."

గాంగ్‌సూ సేఫ్ హౌస్‌కి తిరిగొచ్చేసరికి పార్కింగ్‌లో తక్‌ని అంబులెన్స్ ఎక్కిస్తున్నారు. కోటు ఆ కుర్రాడు ఊడదీసుకున్నాడు, బనీను మీదే ఉన్నాడు. మెడకి కొత్త మఫ్లర్. గాంగ్‌సూకి అరవాలనిపించింది. అప్పుడే జేబులో ఫోన్ మోగింది.

"నమస్కారమండీ, సేనారు టెలికం నుంచి." చిలకపలుకుల గొంతు. "ఈరోజు మీ ఇంటికి వచ్చిన టెక్నీషియన్ తక్ బోంగ్‌చుల్ గారికి పదికి ఎన్ని మార్కులు వేస్తారు?"

"పది" అన్నాడు గాంగ్‌సూ. "పదికి పది."

"సంతోషం సార్. ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?"

అంబులెన్స్ తలుపు మూసుకుంది. "ఇంత చలిలో ఒంటి మీద కోటు లేదమ్మా అతనికి."

"అయ్యో, యూనిఫాం లేకుండా వచ్చారా?" అటువైపు కీబోర్డు టకటకమంది. "దానికి రూలు ప్రకారం రెండు మార్కులు తగ్గుతాయి సార్. ఉంటానండీ."

తక్ ఉద్యోగంలో చేరాక పదికి పది అడగని రోజు అదొక్కటే. ఎనిమిదే పడ్డాయి.