పెద్దకోడలి నాడి

దేగు నగరంలోని మందుల వీధి నుంచి కషాయం వచ్చిందని ఇల్లంతా మూలికల వాసన. యోన్‌సిల్ పొద్దున్నే కిమ్చీ పచ్చళ్ళ ఫ్రిజ్ తెరిచేసరికి, ముల్లంగి కిమ్చీ డబ్బాను మూలకు నెట్టి దర్జాగా కూర్చుని ఉంది కషాయం పెట్టె. దాని మీద తోడికోడలు బోరా పేరు.

"ఒక ప్యాకెట్ వేడినీళ్ళలో వెచ్చబెట్టి దానికివ్వవే," అంది అత్తగారు మాల్సున్. "మధ్యాహ్నం దాకా అది ఏమీ తినకూడదట. చీకటిపడితే మళ్ళీ పస్తే. ఒళ్ళు తగ్గితే కడుపు పండుతుందని డాక్టరు నాడి చూసి మరీ చెప్పాడు."

"పస్తుండడానికి కూడా డాక్టరు కావాలా అత్తయ్యా?"

"నీకేం తెలుసే!"

యోన్‌సిల్‌కు ఒళ్ళు మండింది. అత్త కషాయం కాయించిందంటే ఆ కోడల్ని కడుపులో పెట్టుకున్నట్టేనని వాడంతా అనుకుంటుంది. తద్దినాలకు అట్లు పోసి పోసి తన మోకాళ్ళు అరిగిపోయాయి. నిన్న గాక మొన్న వచ్చిన బోరా, ఆఫీసుందని పండ్లబుట్ట ఒకటి కొనిచ్చి ఊరుకుంటుంది. కషాయం మాత్రం ఆవిడగారికి!

మర్నాటి నుంచి యోన్‌సిల్, బోరా ప్యాకెట్‌తో పాటు తనకూ ఇంకొకటి వెచ్చబెట్టుకుని, గోడవైపు తిరిగి గటగటా తాగేసేది. నోరంతా చేదు. అయినా అత్త ప్రేమను దొంగతనంగా తాగుతున్నట్టుండేది.

మామగారి తద్దినం రోజు చేపముక్కలు వేయిస్తుంటే గుండె దడదడలాడింది. అట్లకాడ చేజారింది. యోన్‌సిల్ పొయ్యి దగ్గరే కూలబడింది.

బోరా పరుగున వచ్చి పట్టుకుంది. "అక్కయ్యా! ప్యాకెట్లు తరిగిపోతున్నాయేమిటా అనుకున్నా. నువ్వేనా?"

మాల్సున్ గొంతు చించుకుంది. "ఒకరి నాడికి కాచింది ఇంకొకరు తాగుతారటే! అదీ పరగడుపున!"

"నా నాడి ఎవరు చూపించారు అత్తయ్యా? ఇన్నేళ్ళలో ఒక్కసారి?"

ముసలామె చిన్నకోడలి వైపు తిరిగింది. "బోరా, పొయ్యి కట్టేసి టాక్సీ పిలువు."

"మరి తద్దినం?"

"మీ మామగారు బతికుండగా ఏనాడు వేళకు తిన్నారు? ఆగుతార్లే."

కషాయమిచ్చిన డాక్టరే చాలాసేపు యోన్‌సిల్ మణికట్టు పట్టుకుని చూశాడు. "దడ ఆ మందు వల్లే. ఇక ముట్టకండి." తర్వాత మాల్సున్ వైపు తిరిగాడు. "పొద్దున ఈమె ఏం తింటుంది?"

"అన్నం, పులుసు..." అంటూ మొదలుపెట్టి ఆగిపోయిందావిడ. ఎంత తలచుకున్నా వడ్డిస్తూ, గిన్నెలు తీస్తూ నిలబడ్డ యోన్‌సిలే కనబడింది. కూర్చున్న యోన్‌సిల్ ఎక్కడా లేదు.

"నువ్వెప్పుడు తింటావే?"

"అందరివీ అయ్యాక. గిన్నెలు కడిగి, మిగిలింది."

డాక్టరు కళ్ళజోడు తీశాడు. "చిన్నకోడలికి ఉపవాసం నేను చెప్పాను. ఈమెకు ఎవరు చెప్పారు?"

మాల్సున్ దగ్గరికి జరిగింది. కోడలి రెండో చెయ్యి అందుకుని, డాక్టరులాగే మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించింది. నాడి చూడడం ఆవిడకు రాదు. కళ్ళలోంచి నీళ్ళు జారి కోడలి చేతి మీద పడుతున్నా ఆ చెయ్యి వదల్లేదు.