మూడక్షరాల అబద్ధం

గూఢచారి నిఖిలేష్ చనిపోయే ముందు ఆఫీసుకి పంపిన మెసేజ్‌లో ఉన్నవి మూడే అక్షరాలు. జి.పి.ఎల్.

ఝపటాపూర్ అద్దెగదిలో అతను కీబోర్డ్ మీదికి వాలిపోయి ఉన్నాడు. పక్కన సగం తాగిన టీ. అందులో విషం.

ఏజెంట్ హరనాథ్ ఇయర్‌పీస్‌లో చీఫ్ రాధారాణి గొంతు పలికింది.

"అది ఓపెన్ సోర్స్ లైసెన్స్. ప్రోగ్రామ్ ఎవరికిచ్చినా దాని లోపలి రాత, సోర్స్ కోడ్, కూడా చూపించాలి."

"దాపరికమే లేనిదానికి భయమెందుకు మేడమ్?"

"ఆ పేరు తగిలించుకుని దొంగసరుకు దూరుతోంది. రైల్వే జంక్షన్ కంట్రోల్ రూమ్ పెద్ద తెరకి ఇవాళ కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే బొమ్మ చూపించే ప్రోగ్రామ్, వేస్తున్నారు. సిగ్నల్ మరమ్మతుల వల్ల ఈ పూట ఆ తెర చూసే బండ్లు వదులుతారు. వెనక ఉన్నది కోబాల్ట్ అనే విదేశీ ముఠా. వేసేది ఏంజలిన్."

ఏంజలిన్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ పిల్ల. కోబాల్ట్‌కీ పనిచేస్తుంది, రాధారాణికీ పనిచేస్తుంది. నిజంగా ఎవరి మనిషో ఎవరికీ తెలియదు.

ఏసీ మెకానిక్ వేషంలో అతను కంట్రోల్ రూమ్‌లోకి అడుగుపెట్టాడు. కంప్యూటర్ ముందు ఏంజలిన్. ఆకుపచ్చ పట్టుచీర, నెత్తిన నల్లకళ్లద్దాలు.

"ఘుగ్నీ బఠాణీల వాసనొస్తోంది దీదీ."

"ఉల్లిపాయలు తక్కువైనాయి దాదా."

సంకేతం సరిపోయింది. కానీ ఇన్‌స్టాలేషన్ ముగింపుకొచ్చేసింది.

"నువ్వెవరి మనిషివి?" గుసగుసగా అడిగాడు.

"మీ మనిషినే అంటే నమ్మేస్తారేటి?"

"నిఖిలేష్‌ని చంపేశారు."

ఆమె వేళ్లు ఆగిపోయాయి. "సంపేసినారా? సోర్స్ దాసేసుకుని ఉత్తినే జీపీఎల్ అని రాసినారు, అంతే అనుకున్నాను!"

ఇయర్‌పీస్ మళ్లీ పలికింది. "నిఖిలేష్ ల్యాప్‌టాప్ తెరిచాం. ఆ డ్రైవర్ లోడైతే, గూడ్స్ నిలబడి ఉన్న మూడో లైన్ తెర మీద ఖాళీగా కనిపిస్తుంది. ప్యాసింజర్‌ని అదే లైన్‌లోకి వదులుతారు!"

హరనాథ్ ఆ మాటే చెప్పాడు. ఏంజలిన్ గిర్రున అతనివైపు తిరిగింది.

"ఆ బండి మా నాన్నది. విల్‌ఫ్రెడ్. లోకో పైలట్."

"తీసెయ్ దాన్ని!"

"తీసేస్తే మళ్లీ వొచ్చి కూకుంటాది. ఫైలు సైజు మారినా అది కనిపెట్టేస్తాది."

"సైజు మారకుండా?"

ఆమె కళ్లు మెరిశాయి. "జీపీఎల్‌లో ఒక్క అక్షరం మార్సేస్తాను. ఓపెన్ సోర్స్‌కి మాత్రమే ఇచ్చే పనిముట్లు దీనికి దొరకవు. సిస్టమ్ గుమ్మంలోనే ఆపేస్తాది. పాత డ్రైవరే నడుస్తాది."

అంకెలు, అక్షరాలు తెర మీద చీమల్లా పారాయి. ఆమె ఏం మారుస్తోందో అతనికి అర్థం కాలేదు. జేబులో పిస్టల్ మీద చెయ్యి వేశాడు. కాలిస్తే బండి పోతుంది. నమ్మితే? అప్పుడూ పోవచ్చు.

ఆమె కీ నొక్కింది. రీస్టార్ట్. పెద్ద తెర నల్లబడింది.

కంట్రోలర్ జాకబ్ ఫోనెత్తాడు. "ఇందాక మూడో లైన్ ఖాళీగానే ఉన్నట్టుంది కదేటి? బండి గుమ్మంలో ఉంది. లైన్ ఇచ్చీనా?"

"ఆగండి బాబాయ్!" ఏంజలిన్ అరిచింది.

తెర మీద ఒకే ఒక్క లైను వచ్చింది: డ్రైవర్ తిరస్కరించబడింది. వెంటనే యార్డ్ బొమ్మ. మూడో లైన్ ఎర్రగా.

"ఓరి దేవుడా, గూడ్స్! ఆపండి, బండాపండి!"

బయట చక్రాలు కీచుమన్నాయి. తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత చిన్న కూత.

ఆ డ్రైవర్ తెచ్చిచ్చి, ఇప్పుడు తలుపు దగ్గర జారుకోబోయిన కాంట్రాక్టర్ మేనేజర్ రాబిన్‌ని సెక్యూరిటీ పట్టుకుంది.

"ఏంజలిన్ మనవైపేనా?" రాధారాణి అడిగింది.

"అలా అంటోంది మేడమ్."

"మాట నమ్మకు. సోర్స్ చూపించమను."

హరనాథ్ కిటికీలోంచి చూశాడు. ఇంజిన్ మెట్ల మీంచి ఒక ముసలాయన తిట్టుకుంటూ దిగుతున్నాడు.

"చూస్తున్నాను మేడమ్. ఇప్పుడే బండి దిగింది."