ఏకదర్శిని

కొత్త కాకినాడ నుంచి సామర్లకోట వెళ్లే పొద్దుటి ట్రామ్‌లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. 2091 నాటికి అది మర్యాద కిందే లెక్క. కిటికీ పక్కన కూర్చున్న పెద్దమనిషి తనలో తనే నవ్వుకుంటాడు. ఎదురు సీట్లో ఆవిడ చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. ట్రామ్ స్పీకర్లలో వచ్చేది ఒకే పాట. కనిపించేది మాత్రం ఎవరిది వారికే.

కణత మీద అంటించుకునే గోరంత పలక, కంట్లో పెట్టుకునే పల్చటి లెన్సు. రెండూ కలిపి ఏకదర్శిని. పాట మొదలవగానే పలకలోని సెన్సర్లు నాడి వేగాన్ని, కనుపాప ఎంత విప్పారిందన్న సంగతిని, మెదడులో లేచే తరంగాలను కొలుస్తాయి. దాచుకున్న ఫోటోలు, తిరిగిన వీధులు, దూరమైన మనుషులు దానికి ముడిసరుకు. వాటితో అప్పటికప్పుడు ఒక దృశ్యగీతాన్ని అల్లి లెన్సు మీద వేస్తుంది. పూర్వం మ్యూజిక్ వీడియో అంటే ఎవరో దర్శకుడు ఒకటి తీస్తే కోటిమంది చూసేవారట. ఇప్పుడు కోటిమందికి కోటి దృశ్యగీతాలు, అన్నిటినీ అల్లేది కల్పక అనే ఒక్క స్టూడియో. ఒకరి దృశ్యగీతాన్ని ఇంకొకరు చూడటానికి వీల్లేదు. చూపించమని అడగటం సభ్యత కాదు. దొంగచాటుగా తెరవటం నేరం.

తరళ ఆ ట్రామ్‌లోనే రోజూ దృశ్యకళల కాలేజీకి వెళ్లేది. ఆఖరి సంవత్సరం. వాళ్ల కోర్సులో ముప్పై ఒక్కమందే ఉండేవారు. కెమెరా పట్టుకుని, నిజం మనుషుల్ని నిలబెట్టి, పాటకు బొమ్మ తీయటం అప్పటికి చేనేతలాంటి పాత విద్య. డిగ్రీ చేతికి రావాలంటే ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక దృశ్యగీతం తీసి, అందరూ ఒకే తెర మీద చూసేలా హాల్లో వేయాలి. దాంతోపాటు ఒక ప్రభావ పత్రం రాయాలి. తాము చూసిన దృశ్యగీతాలలో వేటి నుంచి ఏం నేర్చుకున్నారో, ఏది మార్చుకున్నారో అందులో చెప్పాలి.

తరళ పత్రం చూసి సహస్ర మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడకు అరవై ఆరేళ్లు. అందరూ కలిసి ఒకే వీడియో చూసిన కాలం ఎరిగిన మనిషి.

"పద్ధతులన్నీ బాగానే రాశావమ్మా. మొదటి చరణం అయ్యేదాకా ముఖం చూపించకపోవటం, తాళం పడటానికి అరక్షణం ముందే షాట్ కోసేయటం, పల్లవి వచ్చినప్పుడల్లా అదే చోటికి వెళ్లి ఒక్కో మనిషిని తగ్గించటం. మరి ఇవన్నీ ఏ వీడియోల్లో చూశావో పేర్లు లేవే?"

"వాటికి పేర్లుండవు కదా మేడమ్. నాకోసం అల్లినవి."

"అయితే నువ్వు దేన్ని అనుకరించావో, దేన్ని నీదిగా చేసుకున్నావో నేనెలా తేల్చను? మా రోజుల్లో ఫలానా షాట్ అంటే క్లాసంతా తలూపేది."

"నా మాట నమ్మాలి, అంతే మేడమ్."

ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని సంతకం పెట్టేసింది.

తరళ పత్రంలో రాయని సంగతి ఒకటుంది. ఆమె ఏకదర్శినిలో ఒక పాటకు ఎప్పుడూ ఒకే దృశ్యం వచ్చేది. పొడుగాటి నడవా. చేతిసంచీతో ఒకావిడ వెళ్లిపోతూ ఉంటుంది. నడవా చివర వెలుతురు పడేచోట ఆగి, వెనక్కి తిరిగి చూస్తుంది. పాట అక్కడితో అయిపోతుంది.

ఆవిడ అమ్మే. తరళకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ ఆమెను తునిలో హాస్టల్‌లో దింపి, నడిసముద్రంలో గాలిమరల స్టేషన్‌కి ఉద్యోగానికి వెళ్లిపోయింది. ఏడాదికి రెండుసార్లు వచ్చేది, వచ్చిన ప్రతిసారీ పన్నెండు రోజులు. మిగతా రోజుల్లో ఆదివారం ఫోను. తిన్నావా, పడుకుంటున్నావా, చదువుతున్నావా. ఆ మూడూ అయ్యాక ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. ఫోను పెట్టేశాక తరళ ఆ పాట పెట్టుకునేది. నడవా చివర అమ్మ తిరిగి చూసేది. ఆ వారం గడిచిపోయేది.

ఆ దృశ్యాన్నే ఆమె తీయదలుచుకుంది. అమ్మగా నడవటానికి కాలేజీలో ఎవర్ని అడిగినా కుదరదన్నారు. ఆఖరికి క్యాంటీన్‌లో వడ్డించే బేబమ్మ ఒప్పుకుంది. కాలేజీ పాత భవనంలోని నడవాలో పదకొండుసార్లు నడిచింది.

"చివరికెళ్లి ఎందుకు తిరగాలి పాపా? ఏవన్నా మర్చిపోయిందా ఆవిడ?"

"లేదండి. ఊరికే ఒకసారి చూడాలి."

పన్నెండోసారి బేబమ్మ ఆగి, తిరిగి, అలాగే నిలబడిపోయింది. తరళ "చాలు" అన్నాక కూడా కదల్లేదు. ఆ తర్వాత రెండు రోజులు తరళ పళ్లెంలో అన్నం వడ్డించింది కానీ ముఖం చూడలేదు. ఎందుకో తరళకు అర్థం కాలేదు.

ప్రదర్శన ఒక శుక్రవారం మధ్యాహ్నం. హాల్లో అందరూ పలకలు తీసి ముందున్న ట్రేలలో పెట్టారు. తరళ వంతు ఐదోది. మొదట్లో గుసగుసలు, దగ్గులు వినిపించాయి. నడవా వచ్చాక అవి ఆగిపోయాయి. బేబమ్మ వెలుతురులోకి వెళ్లి తిరిగి చూసింది. తెర తెల్లబడింది. లైట్లు వేశారు.

చప్పట్లు లేవు. మూడో వరసలోంచి జోయెల్ లేచి నిలబడ్డాడు. నాలుగేళ్లుగా తరళ పక్క సిస్టమ్ మీద పని చేసుకుంటూ నాలుగు మాటలకు మించి మాట్లాడని కుర్రాడు.

"మా అన్నయ్యని ఎక్కడ చూశావు నువ్వు?"

"ఆవిడ బేబమ్మ గారు కదా జోయెల్."

"మనిషి సంగతి కాదు. ఆ నడక. చివర్న ఆగి తిరగటం. మా అన్నయ్య తుఫాను డ్యూటీకి వెళ్లినప్పటిది అది. నా ఒక్కడికే వస్తుంది. నా ఏకదర్శిని తెరిచావు."

వెనక వరసలోంచి అదే క్లాసు నఫీసా అందుకుంది. "నాది ఆస్పత్రి వరండా. మా నాన్నని లోపలికి తీసుకెళ్తారు. తలుపు దగ్గర తిరిగి నన్ను చూస్తాడు. సరిగ్గా అంతసేపే."

సాయంత్రానికి ప్రిన్సిపాల్ బల్ల మీద పంతొమ్మిది ఫిర్యాదులు చేరాయి. అన్నీ ఒక్కటే చెప్పాయి: తరళ తమ సొంత దృశ్యాన్ని దొంగిలించింది. నేరం రుజువైతే డిగ్రీ రాదు సరికదా, కేసు అవుతుంది. నాలుగు రోజులు ఆమె క్యాంటీన్‌లో ఒంటరిగా తింది. కూర్చున్న బల్ల దగ్గరికి ఇంకెవరూ రాలేదు.

ఐదోరోజు కల్పక స్టూడియో నుంచి విహాన్ అనే పెద్దాయన వచ్చాడు. ఏకదర్శినిని మొదట తయారుచేసిన ఇంజనీర్లలో మిగిలినవాడు ఆయనొక్కడే. ఫిర్యాదు చేసినవాళ్లందరి ముందు తరళ వీడియోని రెండుసార్లు వేయించుకుని చూశాడు. రెండోసారి అయ్యాక మంచినీళ్లు అడిగి తాగాడు.

"ఈ అమ్మాయి ఎవరిదీ తెరవలేదండి. ఇది మేం అందరికీ ఇచ్చేదే."

గ్లాసు పక్కన పెట్టి ఆయనే చెప్పుకుపోయాడు.

"మొదటి రెండేళ్లూ నిజంగానే ఎవరిది వారికి అల్లాం. ఉన్నది ఉన్నట్టు. వెళ్లిపోయినవాళ్లు వెళ్లిపోయినట్టే కనిపించేవారు. అది ఎవరూ రెండోసారి చూడలేకపోయారు, పలకలు పీకి అవతల పారేశారు. అప్పుడొక చిన్న బృందానికి, పోతున్న మనిషి చివర్లో తిరిగి చూసినట్టు మార్చి ఇచ్చాం. ఒక్కొక్కరు వందలసార్లు చూశారు. ఆ తర్వాత మేం మార్చిందల్లా ముఖాలు, గోడల రంగులు. ఆ నడక మార్చలేదు. ఆ తిరగటం మార్చలేదు. ఈ అమ్మాయి చేత్తో తీస్తూ పై రంగులన్నీ తీసేసింది, లోపలిది మిగిలింది."

"మరి ఎవరిది వారికే అని ఎందుకు చెప్పారు?" అని అడిగింది సహస్ర మేడమ్.

"అందరికీ ఒకటే అని చెప్పి కూడా ఒక బృందానికి ఇచ్చామండి. వీడియో అదే. మూడోరోజుకి ఒక్కరూ చూడలేదు. ఇది నాది, ఇంకెవరికీ లేదు అనుకుంటేనే మనిషికి ఏడుపొస్తోంది. అది మాకు తెలిశాక ఇక వేరే దారి లేకపోయింది."

ఆయన వెళ్లిపోయాడు. ఫిర్యాదులు వెనక్కి తీసుకున్నారు. తరళకు మంచి మార్కులే వేశారు.

ఇక అందరూ కలిసి కూర్చుంటారని తరళ అనుకుంది. నీకెవరు తిరిగి చూసేవారు, నాకు మా అమ్మ అని చెప్పుకుంటారని, ఇన్నేళ్లూ పక్కపక్కనే కూర్చుని ఒకే పాటకు ఏడ్చామా అని నవ్వుకుంటారని అనుకుంది. మర్నాడు కారిడార్‌లో జోయెల్‌ని ఆపింది.

"మిగతావాళ్లవి అంతేనేమో," అన్నాడు అతను ఆమె భుజం మీదుగా ఎటో చూస్తూ. "నాది కాదు. మా అన్నయ్య నిజంగానే తిరిగాడు."

నఫీసా అయితే అసలు వినలేదు. తన పళ్లెం తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. ట్రామ్‌లో అందరి కణతల మీదా పలకలు ఎప్పటిలాగే ఉన్నాయి.

ఆ రాత్రి తరళ తన పలక తీసేసి, అమ్మ హాస్టల్లో దింపిన రోజుని గుర్తు చేసుకోవటానికి ప్రయత్నించింది. వార్డెన్ నడుముకు వేలాడే తాళాల గుత్తి, ఫినాయిల్ వాసన, అమ్మ కుడికాలి చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకోవటం. అవి వచ్చాయి. అమ్మ నడవా సగం దాకా నడిచింది. ఆ తర్వాత ఎంత వెతికినా పాటే వచ్చింది. అప్పుడొక సంగతి తట్టి ఆమె మంచం మీద లేచి కూర్చుంది. తుని హాస్టల్‌లో ఆమె ఎనిమిదేళ్లు ఉంది. అక్కడి నడవా చివర గోడ ఉంటుంది. మెట్లు పక్కనుంచి చీకట్లోకి దిగుతాయి. అక్కడ వెలుతురు పడే దారే లేదు.

ఆదివారం అమ్మ ఫోను చేసింది. వెనకాల గాలిమరల హోరు వినిపిస్తోంది. తిన్నావా, పడుకుంటున్నావా అయ్యాయి. చదువు సంగతి రాకముందే తరళ అడిగేసింది.

"అమ్మా, నన్ను హాస్టల్లో దింపిన రోజు వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూశావా?"

చూడలేదని చెప్పినా ఆమె తట్టుకోగలదు. చూస్తే వెళ్లలేనని చూడలేదమ్మా అని అమ్మ అంటే, ఇంతకాలం చూసిన పాట కంటే ఆ మాట పదిలంగా దాచుకోవచ్చు. అందుకు సిద్ధపడే అడిగింది.

"చూశాను కదమ్మా," అంది అమ్మ వెంటనే. "నడవా చివర ఆగాను. ఎండ కళ్లల్లో పడతా ఉంది. నువ్వు తలుపు దగ్గర నిలబడి చెయ్యూపావు. నాకు బాగా గుర్తు."

తరళ తన చేతుల వంక చూసుకుంది. ఆ రోజు తన రెండు చేతుల్లోనూ పరుపుచుట్ట ఉంది.

"ఏమ్మా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా. అక్కడ నువ్వు ఏదైనా పాట చూస్తూంటావా? మళ్లీ మళ్లీ?"

సముద్రం మీద గాలి కాసేపు హోరెత్తింది.

"ఉందిలే ఒకటి. డ్యూటీ దిగాక రోజూ చూస్తాను."

"ఏముంటుంది అందులో?"

అమ్మ మొహమాటంగా నవ్వింది. "అది నాకోసం అల్లింది కదమ్మా. చెప్పినా నీకు అర్థం కాదు."