బాలప్ప జమ్మి

దసరా పొద్దున నైట్ డ్యూటీ దిగి పెద్దరాములు ఇంటికొచ్చేసరికి, తండ్రి బాలప్ప వాకిట్లో పీటేసుకుని చింతపండుతో బెల్టు బిళ్ల తోముతున్నాడు. పక్కన తువ్వాల మీద డెబ్బై ఒకటి నాటి యుద్ధం పతకాలు ఎండలో మెరుస్తున్నాయి. ఇంట్లో భార్య సుమిత్ర నూరుతున్న మసాలా వాసన, వీధిలో పిల్లల గోల, డప్పులు కాచుకుంటున్న మంట పొగ. ఊరంతా పెళ్లివారిల్లులా ఉంది.

"తోము తోము. మెరుపు తగ్గితే మిలట్రీల కెల్లి తీసేస్తరు," అని గడపలోంచి రాజవ్వ మొగుణ్ని ఎత్తిపొడిచింది.

పెద్దరాములు నవ్వలేదు. టిఫిన్ సంచి కొక్కేనికి తగిలించి కాళ్లు కడుక్కున్నాడు. మధ్యాహ్నం రెండింటికి మళ్లీ డ్యూటీ. దసరా వచ్చిందంటే కోరి డ్యూటీ వేయించుకుంటాడతను. పండుగ వెళ్లాక సంచి అడుగున ఏదో ఎండాకు నుసి చేతికి తగులుతుంది. సంచి దులిపే దిక్కు కూడా లేదని సణుక్కుంటూ కంపెనీ గేటు దగ్గర దులిపేసుకోవడం ఏటా ఉన్నదే.

గుమ్మడిదల దగ్గరి ఆ ఊళ్లో దసరా సాయంత్రం జనమంతా డప్పులతో బాలప్ప మెట్ట చెలకకే వస్తారు. పాత జమ్మిచెట్టు మందుల కంపెనీ గోడ లోపలికి పోతే, మిలట్రీ నుంచి దిగొచ్చిన బాలప్ప తన చెలక మూలన ఇంకో జమ్మి పెట్టి, కావడితో నీళ్లు మోసి బతికించాడు. మొదటి కొమ్మ వంచేది ఆయనే. కాకపోతే ఒక షరతు. గట్టు కాడ తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములైనా సరే, మాటల్లేని వాళ్లు ఒకరి చేతిలో ఒకరు ఆకు పెట్టి అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుంటే తప్ప ఎవరినీ ఇంటికి పోనివ్వడు. ఊరందరినీ కలిపే మనిషికి కన్నకొడుకే దొరకడని జనం చాటున నవ్వుకునేవారు.

పెద్దరాములు కడుపులో మంట ఈనాటిది కాదు. తండ్రి ఊరికి నల్లా నీళ్లు తెస్తానని, రోడ్డు వేయిస్తానని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. నొప్పులు పడుతున్న ఆడవాళ్లను ట్రాక్టర్ మీద సంగారెడ్డి ఆసుపత్రికి చేర్చాడు. ఆ తండ్రి నాగలి పట్టడానికి ఇంట్లో ఇంకో చేయి కావాలి కదా. ఆ చేయి ఏడో తరగతి చదువుతున్న కొడుకుది. ఆ కొడుకు ఇప్పుడు అదే మందుల కంపెనీలో కాంట్రాక్టు లేబర్. ఊళ్లో ఎవరు కనబడినా "బాలప్ప కొడుకువా, దేవుడయ్యా మీ నాయిన" అంటారు. ఆ మాట వింటే అతనికి ఒళ్లు మండుతుంది.

కాళ్లు తుడుచుకుంటుండగా కూతురు హరిచందన రొప్పుతూ వచ్చింది. చెట్టు కింద ఊడ్చి కళ్లాపి చల్లడానికి చీపురు, బకెట్ పట్టుకుని పోయిన పిల్ల ఉత్త చేతులతో వచ్చింది.

"తాతా, జమ్మి లేదు."

బాలప్ప చేతిలోని బిళ్ల చెంబులో పడింది.

"లేదంటే ఏందమ్మా?"

"పీకి గోడ పక్కకు నూకిండ్రు. జేసీబీ ఆడనే ఉంది."

"దాన్ని ముట్టొద్దనే చెప్పిన," అని పెద్దరాములు నోరు జారాడు.

బాలప్ప మెల్లగా లేచాడు. "ఎవలకు చెప్పినవ్ రా?"

ఇక దాచి లాభం లేదు. లారీలు తిప్పుకోవడానికి ఆ మూల ఇస్తే కూతురికి ల్యాబులో నౌకరీ ఇస్తామని కంపెనీ వాళ్లు అన్నారు. బాలప్ప కుదరదన్నాడు. పంపకాల్లో ఆ మూల తన వంతుకే వచ్చింది కనుక పెద్దరాములు ఎవరికీ చెప్పకుండా సరేనన్నాడు. నిన్న సాయంత్రం డ్యూటీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడే, చెలకవైపు చేయి చాపి జేసీబీ అతనికి చెప్పాడు: ముళ్లచెట్లన్నీ తీసెయ్, అన్నిటికంటే పెద్దదాన్ని మాత్రం వదిలెయ్ అని.

"ఇచ్చిన. నా వంతు జాగ, నేనిచ్చిన," అన్నాడు పెద్దరాములు. ఏళ్ల తరబడి మింగిందంతా గొంతులోకి తన్నుకొచ్చింది. "దేశం కోసం కొట్లాడినవ్. ఊరికి చాకిరీ చేసినవ్. నాకేం చేసినవ్ నాయినా? నా చేతుల కెల్లి పుస్తకం గుంజి నాగలి పెట్టినవ్. నా బిడ్డకన్న నేనేదన్న చెయ్యొద్దా?"

"నన్నొక్క మాట అడిగినవా డాడీ?" అంది హరిచందన. "జమ్మిని పీకి ఇచ్చే నౌకరీ నాకొద్దు."

బాలప్ప చెప్పులేసుకుని చెలక దారి పట్టాడు. కొట్టినా బాగుండేదనిపించింది పెద్దరాములుకు.

రాజవ్వ కొక్కేనికున్న టిఫిన్ సంచి తెచ్చి కొడుకు ముందు పెట్టింది. "నాకేం చేసిండు అంటివి కదరా. ఏటా ఊరందరు పోయినంక పొద్దుగూకేదాక చెట్టు కింద నీ కోసం నిలవడ్తడు. నువ్వు రావు. నీ వంతు ఆకు పట్టుకొచ్చి గీ సంచిల పెడ్తడు. చిన్నోడు ముందియ్యాలె, అది రివాజు. అయినా పెద్దోడే తగ్గిండు. నువ్వు ఒక్కనాడన్న చూసినవా?"

పెద్దరాములు సంచిలోకి చూశాడు. కుట్ల మధ్య ఇంకా కాస్త నుసి ఉంది. గేటు దగ్గర తను దులిపి పారేసినదంతా కళ్ల ముందు గిర్రున తిరిగింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు, వెనకే కూతురు.

చెలకలో జమ్మి వేళ్లు పైకి పెట్టుకుని పడి ఉంది. దాని వెనక సర్కారు తుమ్మ ఆకాశం దాకా నిలబడి ఉంది. బీహారు నుంచి వచ్చిన జేసీబీ ఆపరేటర్ మహేంద్ర బిక్కమొహం వేసి దానివైపే చేయి చూపించాడు. "ఆప్ హీ బోలే భయ్యా, బడా పేడ్ ఛోడ్‌నా. ఛోడ్ దియా."

పెద్ద చెట్టును వదలమన్నారు, వదిలాడు. అతని తప్పేముంది. ఏటా ఊరికి కొమ్మలిచ్చి ఇచ్చి జమ్మి పొట్టిగానే ఉండిపోయింది. ఎవరికీ ఏమీ పెట్టని తుమ్మ ఏపుగా ఎదిగింది. పండక్కి ఒక్కసారి వచ్చి చూసినా పెద్దరాములుకు ఆ సంగతి తెలిసేది. అతను చెట్టు పక్కన కూలబడి ఏడ్చేశాడు.

బాలప్ప వేరు మీద గోరుతో గీకి, పైకి చూశాడు. ఆయన కళ్లలో వెలుగు. "పచ్చిగుంది. తల్లివేరు తెగినా పక్కవేర్లున్నయ్. జమ్మి మొండిది, సావది. రాములు, ఏడ్సుడు తర్వాత. గుంత తడుపు. చందనా, మొగోళ్లను పిలువు, పగ్గాలు తెమ్మను."

ఆ మాటతో ఊరు ఊరంతా కదిలింది. ఎద్దుల పగ్గాలు వచ్చాయి, బిందెలు వచ్చాయి, వరస కట్టి ఆడవాళ్లు వచ్చారు. డప్పుల కిష్టప్ప ముహూర్తం కోసం ఆగలేక అప్పుడే దరువు మొదలుపెట్టాడు. మహేంద్ర జేసీబీ తొట్టితో చెట్టును పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తాడు. మూడు వైపులా తాళ్లు కట్టి జనం లాగి పట్టారు. కోపాలున్న వాళ్లు ఒకే తాడుకు ఎదురుపడి, విడిచిపెట్టలేక నాలుక కరుచుకున్నారు. గుంతలో వేళ్లు దిగగానే ఈలలే ఈలలు.

మట్టి ఇంకా పచ్చి. రాళ్లతో తొక్కి బిగించేదాకా తాడు వదిలితే చెట్టు ఒరిగిపోతుంది. ముందు తాడు పెద్దరాములు చేతుల్లో ఉంది. రెండింటికి కంపెనీ సైరన్ కూసింది. జేబులో ఫోన్ మోగి మోగి ఆగింది. అతను చేయి తీయలేదు.

"వదలకు రాములు," అన్నాడు బాలప్ప వెనక నుంచి. "యుద్ధంల నది మీద వంతెన కట్టిన నాడు మేం గిట్లనే పట్టినం. ఒక్కడు వదిలినా అందరం మునుగుతుంటిమి."

పొద్దు వాలేసరికి ఊరేగింపు వచ్చేసింది. హరిచందన ఇంటికి ఉరికి తెచ్చిన పతకాలు బాలప్ప చొక్కా మీద మెరిశాయి. ఆయన మొదటి కొమ్మ వంచాడు. ఆకులు చేతులు మారాయి, కౌగిళ్లు కలిశాయి. చివరికి ముసలాయన ఒక రెమ్మ పట్టుకుని, కొడుకు ఇంకా వదలని తాడు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఈసారి యాడికి పోతవ్ రా?"

పెద్దరాములు తండ్రివైపు తల తిప్పాడు. "చిన్నోణ్ని, నేను ముందియ్యాలె నాయినా. చేతులు ఖాళీ లెవ్వు."

మొహం ముందే ఒక కొమ్మ వేలాడుతోంది. అతను మెడ చాపి పళ్లతో ఒక రెమ్మ తెంపి, తండ్రి చాపిన అరచేతిలో వదిలాడు.

"మేక మేసినట్టు మేసిండు," అన్నాడు కిష్టప్ప. చెలకంతా నవ్వింది.

బాలప్ప నవ్వలేదు. ఆ తడి ఆకును కళ్లకద్దుకుని పతకాల వెనక జేబులో దాచుకున్నాడు. తన చేతిలోని రెమ్మను కొడుకు జేబులో పెట్టాడు. తర్వాత వెనకకు వచ్చి, కొడుకు చేతుల పక్కనే చేతులు వేసి తాడు పట్టుకున్నాడు.

"ఇగ ఏడువు," అన్నాడు మెల్లగా. "నేను పట్టిన."