వెనక తిరిగే టీచరు

నన్నెరిగినవాళ్లు ఇది నేను రాశానంటే నమ్మరు. నేను కూర్చుని రాసే రకం కాదు, నిలబడి చెప్పే రకం. నీ నోటికి సెలవే లేదా అని పెళ్లైన కొత్తలోనే మా ఆయన అడిగారు. మా పాపకీ అదే నోరు వచ్చింది. నిద్రలో కూడా కబుర్లే. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్లం.

అలాంటి నేను టీచరు శిక్షణలో ఒకసారి తప్పాను. కారణం, నా క్లాసులో గోల. రెండో తరగతి, ఇరవై ఎనిమిది మంది. మా పాప కూడా అందులోనే, మూడో బెంచీలో కూర్చునేది. ఇంకొక్క అవకాశం ఇచ్చారు, అదే ఆఖరిది. అదీ పోతే మళ్లీ బట్టల కొట్టు కౌంటరు వెనకే నిలబడాలి. పదకొండేళ్లు నిలబడ్డాను, ఇక నా వల్ల కాదు.

మూడు పాఠాలు వీడియో తీసి సైటులో పెట్టాలి. మా శిక్షణ మేడం వాటిని ఊరికే చూడరు. ఏ నిమిషం ఏ సెకను దగ్గర ఏం జరిగిందో, వీడియో ఆపి సరిగ్గా అక్కడే ఒక మాట రాసిపెడతారు. ఆ చోటికి రాగానే ఆ మాట తెర మీద కనిపిస్తుంది. మేమూ మా పాఠం చూసుకుని పది చోట్ల రాసుకోవాలి. ఆవిడకి మేం పెట్టుకున్న పేరు సెకన్ల మేడం. ఎనిమిదో నిమిషం పన్నెండో సెకనులో ప్రశ్న అడిగి, పదమూడో సెకనులో మీరే జవాబు చెప్పేశారు అని పోయినసారి నాకు రాశారు. నిజమే. ఏం చేయను, ఆగదు మరి.

కెమెరా పట్టుకోవడానికి మనిషి అక్కర్లేదు. టీచరు మెడలో రిబ్బనుకి గుండీ అంత నల్ల బిళ్ల వేలాడుతుంది, మైకు కూడా అందులోనే. ఆ బిళ్ల ఎటు కదిలితే స్టాండు మీది కెమెరా అటు తల తిప్పుతుంది. తిప్పినప్పుడల్లా కింద మోటారు సన్నగా జ్ర్... జ్ర్... అంటుంది. కెమెరా సంచిలో బిళ్లలకి రెండు గూళ్లున్నాయి, ఒకటి ఖాళీ. రెండోదేదని, కెమెరాలిచ్చే స్టోరు పెద్దాయన్ని అడిగాను. ఇద్దరు టీచర్లు కలిసి చెప్పేటప్పుడు వాడేవారట, ఎప్పుడో పోయిందట. ఎవరు పోగొట్టారంటే, ఆయన తాళాలు సర్దుకుంటూ లోపలికి వెళ్లిపోయారు.

మొదటి పాఠం తీసివేతలు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. వెనక బెంచీలో ఒకడుండేవాడు, అందరూ రేడియో అంటారు. వాడి మాట వినిపించని నిమిషం లేదు. పాఠం అయ్యాక స్టాఫ్ గదిలో కూర్చుని వీడియో పెట్టాను. బయట వాన. తెర బాగా కనబడాలని కర్టెన్లు వేశాను. తడిసిన సుద్ద వాసన గదంతా.

పద్నాలుగో నిమిషంలో కెమెరా నన్ను వదిలేసింది.

దాని చూపు బోర్డు మీంచి పక్కకి తిరిగి, కుడి గోడ వెంట వెనక్కి పోతోంది. కాస్త కదిలి ఆగుతోంది. మళ్లీ కాస్త కదిలి ఆగుతోంది. పుస్తకాలు దిద్దుతూ బెంచీల మధ్య నడిచే టీచరు ఎలా ఆగి ఆగి నడుస్తుందో, అచ్చం అలా. తెర మీద మాత్రం అక్కడ ఎవరూ లేరు. రేడియో వెనక్కి వచ్చి కెమెరా నిలిచిపోయింది. తొమ్మిది సెకన్లు. వాడు పక్కకి తిరిగి ఏదో చెబుతున్నవాడు ఠక్కున ముందుకు తిరిగాడు. నిటారుగా కూర్చుని చేతులు కట్టుకున్నాడు.

బిళ్ల సరిగ్గా వేసుకోండి, కెమెరా దారి తప్పింది అని మేడం అక్కడ రాశారు. కాసేపటికి దాని పక్కనే ఇంకో మాట పెట్టారు. ఈ అబ్బాయిని చక్కగా సర్దారు, ఇదే పద్ధతి కొనసాగించండి.

మర్నాటి నుంచి రేడియో మాట్లాడలేదు. ఒక్క మాట కూడా. ఎక్కం రాయమంటే రాస్తాడు, చెప్పమంటే నా వెనక ఎక్కడో చూస్తాడు. నాలుగో రోజు వాళ్లమ్మ వచ్చింది. ఇంట్లోనూ అంతేనట, డాక్టరు గొంతులో ఏమీ లేదన్నాడట. ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. పిల్లలు అంతేనమ్మా, వాళ్లే సర్దుకుంటారు అని పంపేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

రెండో పాఠంలో కెమెరా రెండుసార్లు వెళ్లింది. ఒకసారి కిటికీ దగ్గర కూర్చునే పిల్ల వెనక, ఇంకోసారి దాని స్నేహితురాలి వెనక నిలబడింది. పాఠం చెబుతుండగానే నాకు మోటారు చప్పుడు వినిపించింది. నేను బోర్డు దగ్గర కదలకుండా నిలబడి ఉన్నాను. అది జ్ర్... జ్ర్... అంటూ పోతోంది. నేను ఆపలేదు. క్లాసు అంత నెమ్మదిగా ఎప్పుడూ లేదు, సూది పడితే వినిపిస్తుంది. ఈసారి మేడం అన్నీ మెచ్చుకోళ్లే రాశారు. ముగ్గురు పిల్లల నోళ్లు పోయాయని నాకు తెలుసు. తెలిసే ఆ వీడియో పంపాను.

ఆ రోజు ఇంట్లో పాప నా ఒళ్లో కూర్చుని, పక్కన ఎవరూ లేకపోయినా, చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెప్పింది.

"అమ్మా, వెనక తిరిగే టీచరు రేపు నా పుస్తకం చూస్తుందట."

"ఏ టీచరు?"

"ఆవిడకీ మెడలో నీలాంటి బిళ్ల ఉందిగా."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. వేరే కెమెరా ఇమ్మని స్టోరు పెద్దాయనకి ఫోను చేశాను, లేదన్నారు. గడువు రేపటితో సరి, మూడో వీడియో లేకపోతే ఫలితం ఇవ్వనన్నారు మేడం. పాపని ఇంట్లో వదిలేద్దామంటే మా ఆయనది పగటి డ్యూటీ, ఒక్కదాన్నే వదలాలి. ఒంటరిగా ఉన్నదాని దగ్గరికి అది రాదని ఏమిటి నమ్మకం? పాఠం మానేస్తే సరిపోయేది. ఆ ఒక్కటి మాత్రం చేయలేకపోయాను.

తెల్లారేసరికి ఒక ఉపాయం తట్టింది. అది ఎప్పుడూ నా వెనక నిలబడలేదు. నా మెడలో బిళ్ల ఉంది కాబట్టి నేనూ టీచరునే, టీచరు పుస్తకం టీచరు దిద్దదు కదా. పాపని ముందు బెంచీలోకి మార్చి, నా బిళ్ల తీసి దాని మెడలో వేశాను. ఎవరేం చెప్పినా తీయకు అన్నాను. ఇక నా సంగతంటారా... నా గురించి నేను ఆలోచించలేదు.

పాఠం జరిగింది. కెమెరా పాప మీంచి కదల్లేదు. నలభై నిమిషాలు చూస్తూనే ఉన్నాను, ఒక్కసారీ వెనక్కి పోలేదు. గంట కొట్టాక వీడియో పంపేసి, కెమెరా బ్యాటరీ తీసి స్టోరు బల్ల మీద పెట్టి, కెమెరా సంచి మర్నాడు ఇస్తానని చీటీ రాసిపెట్టాను. అప్పటికి ఎవరూ లేరు అక్కడ. బస్సులో దారంతా పాప మాట్లాడుతూనే ఉంది. నేను తల ఊపుతూ, దాని జుట్టు సవరిస్తూ కూర్చున్నాను. ఆ కబుర్లు వింటుంటే ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చి బల్ల దగ్గర వీడియో పెట్టుకున్నాను. కిటికీలోంచి ఇంకా ఎండ పడుతోంది. పాప గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. బిళ్ల మెడలోనే ఉంది. తీయకు అన్నానుగా, తీయలేదు.

వీడియో నిండా పాపే. నవ్వుతోంది, జవాబులు చెబుతోంది. నా గొంతు దూరం నుంచి వినిపిస్తోంది. ముప్పై ఒకటో నిమిషం ఐదో సెకను దగ్గర నా గొంతు ఆగింది.

మైకు పాప మెడలో ఉంది కదా, అందలేదేమో అనుకున్నాను. కానీ పిల్లల మాటలు అందుతున్నాయి. ప్రశ్న ఎవరూ అడగడం లేదు... పిల్లలు జవాబులు చెబుతున్నారు. తొమ్మిది. ఆరు. సున్నా. రేడియో గొంతు కూడా ఉంది అందులో. పాప మాత్రం నవ్వడం మానేసి బోర్డు వైపు చూస్తోంది, నేనుండే చోటుకి కాస్త వెనక్కి.

తెర మీద మేడం మాట కనబడింది. "31:05 — ఇక్కడి నుంచి మీ గొంతు ఎంత మెత్తగా ఉందో. ఇదే ఉంచుకోండి. పాసయ్యారు."

ఏ గొంతు అన్నాను.

అన్నాననుకున్నాను. పెదవులు కదిలాయి. గొంతు పట్టుకుని మళ్లీ అన్నాను. ఏమీ రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, బస్సులో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

గోడ పక్కన పెట్టిన కెమెరా సంచిలోంచి చప్పుడైంది.

జ్ర్...

బ్యాటరీ లేదు దాంట్లో. నా చేతులతో నేనే తీశాను. పాప కదల్లేదు, కూర్చున్నచోటే ఉంది. బిళ్ల కదల్లేదు.

జ్ర్... ఆగింది. జ్ర్... ఆగింది. సంచిలో కెమెరా తల తిరుగుతోంది, వంటగది వైపు నుంచి, గోడ వెంట, గుమ్మం వైపు... తొందర లేదు దానికి. పుస్తకాలు దిద్దుకుంటూ వస్తున్న నడక.

ఆగిపోయింది.

పాప వెన్ను నిటారు చేసుకుంది. వెనక్కి చూడలేదు. ఒళ్లోని పుస్తకం తీసి కాస్త పక్కకి, భుజం మీంచి చూసేవాళ్లకి అందేలా పట్టుకుంది.

కుర్చీ తన్నేసి లేచాను. నోరంతా తెరిచి పాపా అని అరిచాను. గదిలో దాని పెన్సిలు కాగితం మీద గీసే చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

తర్వాత అదీ ఆగింది.